రెండు రబ్బరు రెక్కలు

అక్టోబరు ఆఖరు వారం. సుపీరియర్ సరస్సు మీద ఉన్నావు. పేరుకే సరస్సు. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌లో సగం. వెనక మాడెలిన్ దీవి, ఎదురుగా విస్కాన్సిన్ ఒడ్డున బేఫీల్డ్ ఊరు, మధ్యన నాలుగు కిలోమీటర్ల నీళ్ళు. చలి బాగా ముదిరితే ఈ నీళ్ళు గడ్డకట్టి, ఇదే దారిన కార్లు నడుస్తాయి. అందుకే ఈ రోజు పడవను ఒడ్డుకు చేర్చి, పైకి ఎత్తించి, చలికాలమంతా నేల మీద నిలబెట్టాలి. తెరచాపలు నిన్ననే విప్పి సంచుల్లో కట్టేశారు. ఉన్నదల్లా చిన్న డీజిల్ ఇంజను. చుక్కాని దగ్గర బావ.

ఊరు దగ్గరపడుతోంది. చర్చి గోపురం కనిపిస్తోంది. అప్పుడు చెవికి ఏదో తేడాగా తగులుతుంది.

వెనక గొట్టంలోంచి ఇందాకటిదాకా నీళ్ళు బుళుక్కు బుళుక్కుమని చిమ్ముతున్నాయి. ఇప్పుడు ఆ చప్పుడు లేదు. పొడి దగ్గులా ఉంది. అంచు మీంచి వంగి చూస్తావు. నీళ్ళు లేవు. తెల్లటి ఆవిరి.

"బావా, నీళ్ళు రావట్లేదు!"

అలారం మోగుతుంది.

ఆపాలా? గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. ఇంజను ఆగితే ఆ గాలి మిమ్మల్ని హార్బరు గోడ రాళ్ళ మీదికే తోస్తుంది. ఇంకో పది నిమిషాలు నడిస్తే లోపలికి చేరిపోతారు. కానీ ఈ ఇంజనుకు సరస్సే రేడియేటరు. పంపులో ఓ రబ్బరు చక్రం తిరుగుతూ సరస్సు నీళ్ళు లాగుతుంది. ఆ నీళ్ళే ఇంజను వేడిని మోసుకుపోయి, చివర్లో పొగతో కలిసి బయటపడతాయి. పొగ గొట్టం కూడా రబ్బరే. నీళ్ళు అందకపోతే అది కాలుతుంది, పడవ లోపలే.

పది నిమిషాలు లేవు.

"ఆపెయ్!"

నిశ్శబ్దం. వెంటనే గాలి చప్పుడు. పడవ అడ్డం తిరుగుతుంది. రాళ్ళు. నురుగు. ముందుకు పరుగెత్తు. ఒక చెయ్యి కమ్మీ మీదే ఉండాలి. నీళ్ళు పది డిగ్రీల లోపే. పడితే వేళ్ళు పని చెయ్యవు. 1975 నవంబరు 10న 222 మీటర్ల ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడను 29 మందితో సహా ముంచింది ఈ సరస్సే.

లంగరు. పిన్ను లాగు. వదులు.

గొలుసు గలగలా జారుతుంది. తర్వాత తాడు.

"లోతెంత?"

"పన్నెండు మీటర్లు!"

లోతుకు అయిదింతలు వదలాలి. అరవై మీటర్లు. వదులు. ఇంకా వదులు. చుట్టు. పట్టుకో.

తాడు బిగుస్తుంది. పడవ ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. నిలిచింది.

ఇప్పుడు కిందికి దిగు. ముందు నీళ్ళొచ్చే వాల్వు మూసెయ్, లేకపోతే పంపు మూత విప్పగానే సరస్సు లోపలికొస్తుంది. ఆరు స్క్రూలు. మూత ఊడొస్తుంది. లోపల అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం. ఆరు రెక్కలుండాలి. నాలుగే ఉన్నాయి.

పోయిన చలికాలం ఈ చక్రాన్ని తీయలేదు. "మొన్నే కదా వేశాం" అన్నావు. పంపు గది ఒక పక్క కావాలనే ఇరుకు. ఆ ఇరుకులో రెక్క వంగుతుంది, దాటగానే విచ్చుకుంటుంది, అలా నీళ్ళను లాగుతుంది. ఆరు నెలలు కదలకుండా ఉంటే వంగిన రెక్క వంగినట్టే బిగుసుకుపోతుంది. రెక్క మొదలు దగ్గర పగులు పుడుతుంది. ఈ రోజు తెగింది.

స్పేరు చక్రం ఉంది, అదృష్టం. గిన్నెల సబ్బు చుక్క రాసి, ఇంజను తిరిగే వైపే మెలి తిప్పుతూ లోపలికి నొక్కు. గ్రీజు వద్దు, పెట్రోలు జాతి గ్రీజుకు ఈ రబ్బరు ఉబ్బిపోతుంది. మూత బిగించు. వాల్వు తెరువు. మర్చిపోతే పొడిగా తిరిగి, కొత్తది కూడా నిమిషంలో మాడిపోతుంది.

ఇంజను అందుకుంటుంది. నీళ్ళు వస్తున్నాయి, సన్నగా. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా హార్బరులోకి.

సాయంత్రానికి పడవ యార్డులో స్టాండ్ల మీద ఉంది. ఈ రాత్రి సున్నా కిందికి దిగుతుందట. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బుతుంది. పంపు లోహానికి సాగడం తెలియదు, పగలడమే తెలుసు. లోపలి నీళ్ళను తోసేసి, గడ్డకట్టని ద్రవం నింపాలి. కానీ అంతకన్నా ముందు ఆ రెండు రెక్కలు దొరకాలి. ధార ఎందుకు సన్నబడిందో ఇప్పుడు అర్థమవుతుంది.

పంపు నుంచి వెళ్ళే గొట్టం విప్పు. అవతలి మూతిలో వేలు పెడితే మెత్తగా ఒకటి తగులుతుంది. రెండోది లేదు. వేడి దించే ట్యాంకు మూత కూడా విప్పాలి. బావ టార్చి పట్టుకుంటాడు. సన్నటి గొట్టాల వరస మీద అడ్డంగా పడుకుని ఉంది. పట్టకారుతో లాగి, విరిగిన చక్రానికి ఆనించి చూస్తావు. రెండూ అతికాయి. ఇంకేమీ లోపల లేవు.

ఇక బకెట్టు. కారులో పోసే ఆకుపచ్చ కూలెంటు కాదు, అది విషం, ఇదంతా ఎప్పటికైనా నేలలోకో నీళ్ళలోకో పోయేదే. గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ పోస్తావు. పంపు లాగే గొట్టాన్ని అందులో ముంచి, "స్టార్ట్ చెయ్ బావా!"

బకెట్టు గటగటా ఖాళీ అవుతుంది. ఇంకో సీసా. బయట గొట్టంలోంచి మురికి నీళ్ళు. ఇంకో సీసా. లేత రంగు. బకెట్టులో నాలుగు వేళ్ళ లోతే మిగిలింది. రెండు వేళ్ళు. చిక్కటి గులాబీ!

"ఆపు!"

ఆగింది. పంపు తడిగానే ఉంది.

పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని వేలితో తడుముతావు. పొడిగా ఉంది, అంటే లోపలి సీలు బాగానే ఉంది. మళ్ళీ ఆరు స్క్రూలు. ఈసారి కొత్త చక్రాన్నే బయటికి తీస్తావు, చలికాలమంతా దాని రెక్కలు చాచుకునే ఉండాలి. తుడిచి, ప్లాస్టిక్ సంచిలో వేస్తావు. మూతను వదులుగా పెట్టేస్తావు.

బావ ఇంజను తాళంచెవి తీసి చేతికిస్తాడు. సంచి మూతిని, తాళంచెవి రింగును కలిపి దారంతో ముడి వేస్తావు. వసంతంలో ఎవరొచ్చి ఈ ఇంజను తిప్పబోయినా ముందు చేతికి ఆ సంచి తగులుతుంది.