ఉప్పెన ఎత్తు తెలిసేదెలా?

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టనబెట్టుకుంది. అంతకు నెల ముందే, అక్టోబరు 5న, కలకత్తాను మరో తుపాను ముంచింది. దాంతో బ్రిటిష్ ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అయితే ఆ హెచ్చరికలు ముఖ్యంగా ఓడల కోసం. రేవు స్తంభానికి కట్టే ప్రమాద సూచికలు నావికులకు తెలుస్తాయి గానీ, లంకల్లో ఉండే రైతులకు వాటితో పనేముంది?

సముద్రమట్టం కొలత వేరే దారిన నడిచింది. సర్వే ఆఫ్ ఇండియా వారు రేవుల్లో పోటుపాట్లను నమోదు చేసే సాధనాలు పెట్టారు. గొట్టంలాంటి బావిలో తేలే బెండు నీటితోపాటు లేస్తూ దిగుతూ ఉంటే, దానికి కలిపిన పెన్సిలు కాగితం మీద గీత గీస్తుంది. ఆ గీతల లెక్కలతో పోటును ముందే కట్టి చెప్పే యంత్రం ఒకటి 1879లో ఇంగ్లండులో భారత రేవుల కోసమే తయారైంది. సూర్యచంద్రుల వల్ల వచ్చే పోటు దానికి చిక్కింది. గాలి తోసుకొచ్చే ఉప్పెన చిక్కలేదు.

ఉప్పెన ఎత్తు గాలి వేగం ఒక్కదానితో తేలదు. తీరం దగ్గర లోతు ఎంత, తుపాను ఏ వాలున ఒడ్డు దాటింది, ఆ వేళ పోటా పాటా అన్నవన్నీ చూడాలి. కృష్ణా ముఖద్వారాల దగ్గర సముద్రం చాలా దూరం లోతు తక్కువ. తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే చోటు లేక పైకి లేస్తుంది. బంగాళాఖాతం ఉప్పెనలకు వాతావరణ శాస్త్రవేత్త పి.కె.దాస్ 1972లో గణిత నమూనా ప్రచురించారు. ఐదేళ్లకే, 1977 నవంబరు 19న, దాదాపు 5 మీటర్ల నీరు కృష్ణా డెల్టాలోని దివిసీమ మీద విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే మృతులు సుమారు 10 వేలు. లోపం ఒక్క లెక్కలోనే లేదు, కబురు ఊరికి చేరే దారిలోనూ ఉంది. 1990 మేలో ఆంధ్ర తీరాన్ని తాకిన తుపానూ తీవ్రమైనదే, కానీ లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది.

1999లో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ, విచిత్రంగా, సముద్రం లేని హైదరాబాదులో వెలిసింది. 2004 సునామీ తర్వాత, 2007లో అక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రంలో తేలే బోయాలు, రేవుల్లోని మట్టం కొలిచే సాధనాలు, ఉపగ్రహాలు పంపే సమాచారంతో ఇన్‌కాయిస్ అలల ఎత్తును, ఉప్పెనను అంచనా కడుతుంది. నది మేటలతో తీరం లోతులు మారుతూనే ఉంటాయి కనుక, వాటిని మళ్లీ మళ్లీ కొలవకపోతే ఆ అంచనాలు తప్పుతాయి.