సాఖర్ పేట నుంచి కుంభారి దాకా

ఈసారి పత్రికకు "మీ పేట చరిత్ర" రాయమని మా తెలుగు టీచరు చెప్పారు. నాకు మొదట కష్టమనిపించింది. ఎందుకంటే నేను పుట్టి పెరిగింది సోలాపూర్ బయట, కుంభారి దగ్గర ఉన్న గోదుతాయి బీడీ ఘర్‌కుల్‌లో. అది పేట కాదు. ఒకేలాంటి ఇండ్లు వరుసగా వేల కొద్దీ ఉన్న వసాహతు. దానికి చరిత్ర ఏముంటుంది అనుకున్నాను. కానీ మా ఇంట్లో పేట పేరు రాని రోజు లేదు. మా బాపమ్మ పొద్దున చాయ్ తాగేటప్పుడే "సాఖర్ పేటల ఉన్నప్పుడైతే..." అని మొదలుపెడుతుంది. మా అమ్మ "అయ్యింది, మొదలైంది" అని లోపలికి పోతుంది. అందుకని నేను బాపమ్మ దగ్గరే నోటుబుక్కు పట్టుకొని కూర్చున్నాను. ఆమె చెప్పినవి, నేను చదివినవి కలిపి రాస్తున్నాను. ఆ రెండూ అన్నిచోట్లా కలవలేదు.

సోలాపూర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళు ఎందుకున్నారని హైదరాబాదు వైపు నుంచి వచ్చే చుట్టాలు అడుగుతుంటారు. పాత మ్యాపు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఆంగ్లేయుల కాలంలో సోలాపూర్ బొంబాయి ఇలాఖాలోది. తూర్పుకు కొద్ది దూరం పోతే నిజాం రాజ్యం మొదలయ్యేది. తుల్జాపూర్, నల్దుర్గ్ రెండూ నిజాం కిందివే. 1860లో బొంబాయి రైలు సోలాపూర్‌కు వచ్చింది. 1871కి ఆ లైను రాయచూరు దాకా పోయి మద్రాసు రైలుతో కలిసింది. 1876-78 మధ్య దక్కనులో పెద్ద కరువు పడింది. ఆ 1870లలోనే ఇక్కడ మొదటి బట్టల మిల్లు వచ్చింది. దాన్ని ఇప్పటికీ అందరూ జునీ గిరణి, అంటే పాత మిల్లు, అనే అంటారు. తర్వాత నర్సింగ్ గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వచ్చాయి.

తెలంగాణ పల్లెల్లో పద్మశాలీలు చేతిమగ్గం మీద బతికేవారు. మిల్లు బట్ట చవకగా సంతల్లోకి వచ్చేసరికి వాళ్ళ బట్ట కొనేవాళ్ళు తగ్గారు. పని వెతుక్కుంటూ వాళ్ళు ఎక్కడికి వచ్చారంటే, ఆ మిల్లు బట్ట తయారయ్యే ఊరికే వచ్చారు. ఈ సంగతి నాకు చాలా విచిత్రంగా అనిపించింది. బాపమ్మకు చెప్తే ఆమెకు విచిత్రం అనిపించలేదు. "నూలు యాడుంటే సాలోడు ఆడుంటడు బిడ్డా" అంది.

అట్లా కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపుల నుంచి వచ్చినవాళ్ళు ఊరికి తూర్పున స్థిరపడ్డారు. ఆ వైపును పూర్వ్ భాగ్ అంటారు. సాఖర్ పేట, భద్రావతి పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్, కుచన్ నగర్ ఇవన్నీ అక్కడివే. అక్కడ కిరాణా దుకాణంలో మరాఠీలో అడిగినా తెలుగులో జవాబు రావచ్చు. మార్కండేయ స్వామి గుడి సిద్ధేశ్వర్ పేటలో ఉంది. శ్రావణ పౌర్ణమి నాడు రథం బయలుదేరుతుంది. మరాఠీవాళ్ళకు అది నారళీ పూర్ణిమ, మాకు జంధ్యాల పున్నమ. బాపమ్మకు మాత్రం అది "గిరణీలన్నీ తెలుగోళ్ళు లేక ఖాళీ అయ్యే దినం".

మా తాత వాళ్ళ నాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి జునీ గిరణిలో చేరాడట. ఆ మిల్లు 1949లో మూతపడింది. వేలమంది కూలీలు రోడ్డున పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి మిల్లును తన చేతిలోకి తీసుకుంది. దాని మీద చరంజిత్ లాల్ చౌధరి అనే వాటాదారు సుప్రీంకోర్టుకు పోయాడు. 1950 డిసెంబరులో కోర్టు ఆయన పిటిషన్ కొట్టేసింది. మూడేండ్లకు, 1953లో, ఇంకో వాటాదారు కేసులో అదే కోర్టు ఆ చట్టం చెల్లదని చెప్పింది. ఇప్పటికీ వకీలు చదువు చదివేవాళ్ళు రాజ్యాంగం పాఠంలో ఈ సోలాపూర్ మిల్లు కేసులు చదువుతారు. మా ముత్తాత పనిచేసిన మిల్లు పేరు ఢిల్లీ దాకా పోయిందని నాకు గర్వంగా అనిపించింది. కానీ బాపమ్మకు ఆ కేసు సంగతే తెలియదు. మిల్లు మూసిన ఏడాది ఇంట్లో రాత్రిపూట పొయ్యి వెలిగించలేదని మాత్రం తన అత్త చెప్పగా విన్నదట.

మా చరిత్ర పుస్తకంలో సోలాపూర్ గురించి 1930 నాటి సంగతి ఉంది. గాంధీజీని అరెస్టు చేశారని తెలిసి మే నెలలో ఊరంతా లేచింది. మిల్లు కూలీలు కూడా వీధుల్లోకి వచ్చారు. కొన్ని రోజులు ఊరు తెల్లవాళ్ళ చేతిలో లేదు. తర్వాత మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ నలుగురినీ 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరితీశారు. చార్ పుతళా దగ్గర ఉన్న విగ్రహాలు వాళ్ళవే. ఇది పరీక్షకు వస్తుంది కాబట్టి మాకందరికీ నోటికి వచ్చు. మరి మగ్గాల సంగతి, బీడీల సంగతి పరీక్షకు రావు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బాపమ్మ పెళ్ళయి వచ్చేటప్పటికి సాఖర్ పేటలో చేతిమగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వస్తున్నాయి. మా తాత చద్దర్ల కార్ఖానాలో పనిచేసేవాడు. సోలాపూర్ చద్దరుకు ఇప్పుడు జీఐ గుర్తింపు ఉంది. జకార్డు మగ్గం మీద నెమలి పింఛం డిజైను అల్లుతారు. వాడాలో ఒక్క గది వీళ్ళది. కింద మగ్గాలు, పైన మనుషులు. మగ్గం ఆడినంతసేపు గిన్నెలు అదురుతుండేవట. "ఆ సప్పుడు లేకపోతే మీ నాయనకు నిద్ర పట్టకపోతుండె" అంటుంది. కరెంటు పోతే పసిపిల్లలు లేచి ఏడ్చేవారట, ఎందుకంటే పేట మొత్తం ఒక్కసారి నిశ్శబ్దం అయ్యేది.

మిల్లుల్లో మూడు పాళీలు ఉండేవి. పాళీ మారినప్పుడు భోంగా మోగేది. ఇంట్లో గడియారం లేదు, భోంగాయే గడియారం. వంట కూడా దాని ప్రకారమే. ఇక్కడే మా తిండి చరిత్ర ఉందని నాకనిపిస్తుంది. మా పెద్దలు తెలంగాణలో జొన్నరొట్టె తినేవారు. సోలాపూర్‌కు వచ్చినా జొన్న పోలేదు, ఇక్కడి భూమి కూడా జొన్న భూమే. మంగళవేఢా మాల్‌దండి జొన్న అంటే ఎక్కడైనా పేరు. అయితే రొట్టె మాత్రం మారింది. మెత్తటి రొట్టె పొద్దుటిది సాయంత్రానికి బాగుండదు. ఇక్కడ కడక్ భాకరీ అని పల్చగా చేసి, గట్టిగా ఎండేదాకా కాలుస్తారు. అప్పడంలాగా విరుగుతుంది, చాలా రోజులు నిలవ ఉంటుంది. రెండో పాళీ, మూడో పాళీ పనికి పోయేవాళ్ళకు అది కట్టిస్తే చాలు. మా తాత దాన్ని పచ్చిపులుసులో విరిచి వేసుకొని తినేవాడట. పచ్చిపులుసు తెలంగాణది, కడక్ భాకరీ సోలాపూర్‌ది, పళ్ళెం ఒక్కటే.

శెంగా చట్నీ గురించి చెప్పకపోతే సోలాపూర్ గురించి రాసినట్టే కాదు. పల్లీలు వేయించి, వెల్లుల్లి, జీలకర్ర, ఎర్రకారం, ఉప్పు వేసి రోట్లో దంచుతారు. నూనె పైకి వచ్చేదాకా దంచాలి. మిక్సీలో వేస్తే పొడి అవుతుంది కానీ చట్నీ కాదు. (మా అమ్మ మిక్సీలోనే వేస్తుంది. బాపమ్మ ఏమీ అనదు, ఊరికే చూస్తుంది.) మేము పల్లీలను శెంగలు అంటాం. ఒకసారి సిరిసిల్ల నుంచి వచ్చిన మా చిన్నమ్మను "దుకాణంకు పోయి పావుకిలో శెంగలు పట్కరా" అని పంపితే ఆమె శనగలు పట్టుకొచ్చింది. మాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే! ఆ రోజు చట్నీ కాలేదు, గుగ్గిళ్ళు అయినాయి.

బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, సంక్రాంతికి సకినాలు మేమూ చేస్తాం. అదే సంక్రాంతికి సిద్ధేశ్వరుడి గడ్డా జాత్ర ఉంటుంది. పొడుగాటి నందిధ్వజాలు ఎత్తుకొని ఊరేగిస్తారు. భోగి నాడు నువ్వులద్దిన సజ్జ భాకరీ తింటాం. అది పక్కింటి మరాఠీ ఆమె దగ్గర బాపమ్మ నేర్చుకున్నది. సకినాలు ఆమెకు నేర్పింది. ఆమెవి ఇప్పటికీ సరిగ్గా గుండ్రంగా రావని బాపమ్మ మాట.

1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు సోలాపూర్ అందులోనే ఉంది. తర్వాత సరిహద్దు గొడవ వచ్చింది. మహాజన్ కమిషన్ 1967లో దక్షిణ సోలాపూర్, అక్కల్‌కోట్ తాలూకాలను అప్పటి మైసూరు రాష్ట్రానికి ఇవ్వాలని చెప్పింది. అది అమలు కాలేదు. మా కుంభారి దక్షిణ సోలాపూర్‌లోనే ఉంది. అంటే ఆ మాట జరిగి ఉంటే మేము కర్ణాటకలో ఉండేవాళ్ళం. బాపమ్మకు చెప్తే "ఆడ గూడ శెంగా చట్నీనే గదా" అంది.

ఇక బీడీల సంగతి. పూర్వ్ భాగ్‌లో మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీ మీద. బాపమ్మ పదేండ్ల వయసు నుంచి బీడీలు చుట్టింది. తునికాకు రాత్రి తడిపి పెట్టాలి, పొద్దున కత్తిరించాలి, చాట ఒళ్ళో పెట్టుకొని తంబాకు పోసి చుట్టి దారం కట్టాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కార్ఖానాలో లెక్కబెట్టేవాడు బాగాలేవని కొన్ని తీసేస్తే వాటికి కూలి లేదు. తీసేసినవి తిరిగి ఇవ్వరు. "అవి మాత్రం యాడికి పోతుండెనో" అని ఇప్పటికీ అంటుంది. చెంచా పట్టినా ఆమె బొటనవేలు, చూపుడువేలు బీడీ చుట్టినట్టే వంగి ఉంటాయి.

కిరాయి గదుల్లో ఉన్న ఈ బీడీ కార్మికురాళ్ళ కోసం ఆడం మాస్టర్ అని అందరూ పిలిచే నర్సయ్య ఆడం, లాల్‌బావటా యూనియన్ ఏండ్ల తరబడి పోరాడితే, కుంభారిలో 10,000 ఇండ్లు కట్టారు. వార్లీ ఆదివాసుల పోరాటం నడిపిన గోదావరి పరులేకర్ పేరు పెట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ఇండ్లు అప్పజెప్పారు. ఆ తర్వాత అదే కుంభారిలో రే నగర్ కట్టారు. 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ వచ్చి అందులో 15,000 ఇండ్లు ఇచ్చారు. బాపమ్మకు మొదటి దాంట్లో ఇల్లు వచ్చింది. కాగితం ఆమె పేరు మీదే ఉంది.

ఇక్కడ నాకు ఒక ప్రశ్న వచ్చింది. సాఖర్ పేటలో కిరాయి గది. వానకు కారేది. నీళ్ళకు కొట్లాట. తాత ముప్పై ఏండ్లు దూది ధూళి పీల్చి, చివరికి నాలుగు మెట్లు ఎక్కలేకపోయాడు. ఇల్లు వచ్చిన మూడేండ్లకు దగ్గుతోనే పోయాడు. ఇక్కడేమో సొంత ఇల్లు, గాలి, వెలుతురు. మరి ఆ పేట మీద ఇంత ప్రేమ ఎందుకు? ఒకరోజు అడిగేశాను. బాపమ్మకు కోపం వచ్చింది. రెండు రోజులు పేట మాట ఎత్తలేదు. మూడో రోజు రాత్రి తనే అంది: "మీ తాత నాకు ఆడనే ఉన్నడు. ఈడికి వచ్చినంక మంచమే ఎక్కిండు." నేను ఏమీ రాసుకోలేదు అప్పుడు. ఇప్పుడు గుర్తుపెట్టుకొని రాస్తున్నాను.

పోయిన దీపావళి సెలవుల్లో ఇద్దరం సిటీ బస్సెక్కి సాఖర్ పేటకు పోయాం. వాళ్ళ వాడా ఉంది. కింద మగ్గాలు లేవు, తుక్కు కింద అమ్మేశారట. ఇప్పుడు అక్కడ మోటారు సైకిళ్ళు పెడుతున్నారు. మిల్లులు 1990ల నుంచి ఒక్కటొక్కటే మూతపడ్డాయి, కాబట్టి భోంగా ఎప్పుడో పోయింది. చద్దర్లు నేసేవాళ్ళు తక్కువైనారు, టవళ్ళు నేస్తున్నారు. పానిపత్‌లో చేసిన చద్దర్లే సోలాపూర్ చద్దర్లని అమ్ముతున్నారని దుకాణంలో ఒకాయన చెప్పాడు. నేను అనుకున్నట్టు బాపమ్మ ఏడవలేదు. వాడా గోడ మీద చెయ్యి పెట్టి "సున్నం మంచిగేసిండ్రు" అంది. తర్వాత ఆమెకు తెలిసిన ఇంట్లో శెంగా చట్నీ, ఇరవై కడక్ భాకరీలు కొన్నది. అన్ని ఎందుకు అంటే "గల్లీకి" అంది. ఏ గల్లీ అని అడిగితే కుంభారి గల్లీ.

సాయంత్రం మా వాకిట్లో నలుగురైదుగురు చేరారు. వాళ్ళూ ఆ పేటల నుంచి వచ్చినవాళ్ళే. భాకరీ విరుచుకుంటూ అక్కడ ఇప్పుడు ఎవరెవరున్నారని అడిగారు. బాపమ్మ గల్లీ మొదటి నుంచి ఒక్కో తలుపు చెప్తుంటే నేను నోటుబుక్కులో గీతలు గీసి గల్లీ మ్యాపు వేశాను. పదిహేడు తలుపులు. వాటిలో పాతవాళ్ళు ఉన్నవి మూడు. తొమ్మిదో తలుపు దగ్గర గొడవ వచ్చింది. అద్దకం పనిచేసే ఆయన ఇల్లు బావికి ఇవతలా, అవతలా? బాపమ్మ ఇవతల అంటుంది. ఎదురింటి అవ్వ అవతల అంటుంది, ఆ బావిలో నీళ్ళు చేదింది తనేనట. ఇద్దరూ నా చేతిలో పెన్సిలు లాక్కున్నారు. మ్యాపులో ఆ ఇల్లు ఇప్పటికి రెండు వైపులా ఉంది.