బాక్టీరియా ఎండు తెగులు: జిగురుపై పరిశోధన చరిత్ర

టమాటా, వంగ, బంగాళాదుంప, పొగాకు, అల్లం వంటి ఎన్నో పైర్లకు నేలలోని రాల్స్టోనియా సొలనేసియారమ్ అనే బాక్టీరియా వల్ల ఎండు తెగులు సోకుతుంది. దీనికే వడలు తెగులు అనీ పేరు. ఆకులు పసుపుబారకుండా, పచ్చగా ఉండగానే మొక్క వాలిపోతుంది. నేలలో తడి ఉన్నా నీరు పైకి ఎక్కదు. బాక్టీరియా తన చుట్టూ స్రవించే జిగురే ఇందుకు కారణమన్న అనుమానం తొలినుంచీ ఉంది. ఆ జిగురు చక్కెర అణువులు గొలుసుకట్టుగా కలిసిన పాలీశాకరైడ్. ఆ అనుమానం నేరుగా రుజువు కావడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది.

ఈ బాక్టీరియాను 1896లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ బాసిల్లస్ సొలనేసియారమ్ పేరుతో వర్ణించాడు. వాడిన మొక్క కాండం కోస్తే నీటిని మోసే దారునాళాల నుంచి జిగట ద్రవం ఊరుతుంది. అప్పట్లో బాక్టీరియా వల్ల మొక్కలకు జబ్బు వస్తుందంటేనే జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ ఒప్పుకోలేదు. స్మిత్ శక్తి చాలావరకు ఆ వాదానికే ఖర్చయింది, జిగురు సంగతి వెనకబడింది.

దాన్ని ముందుకు తెచ్చినవాడు ఉత్తర కరొలైనాలో పనిచేసిన ఆర్థర్ కెల్మన్. అక్కడి గ్రాన్‌విల్ జిల్లా పొగాకు తోటలను ఈ తెగులు దెబ్బతీసింది. టెట్రాజోలియం అనే రంగు పదార్థం కలిపిన పోషక మాధ్యమాన్ని 1954లో ఆయన ప్రకటించాడు. అందులో తెగులు కలిగించే రకం తెల్లగా, జిగటగా, నడుమ గులాబీ ఛాయతో పెరుగుతుంది. ఆ శక్తి పోయిన రకం చిన్నగా, గుండ్రంగా, ముదురు ఎరుపుతో కనబడుతుంది. ఈ బాక్టీరియా మీద పనిచేసే ప్రయోగశాలల్లో నేటికీ ఈ పద్ధతి వాడుతున్నారు. 1958లో హుసేన్, కెల్మన్ జిగురును వేరుచేసి, అది కలిపిన నీటిలో టమాటా కొమ్మలను నిలబెట్టారు. కొమ్మలు వాడిపోయాయి.

అయినా చిక్కు తీరలేదు. ఏ పెద్ద అణువు నాళంలో చేరినా నీటి దారి మూసుకుపోవచ్చని, 1970ల్లో వాన్ ఆల్ఫెన్ అనే శాస్త్రవేత్త అల్‌ఫాల్ఫా మొక్కల మీద డెక్స్‌ట్రాన్ అనే పాలీశాకరైడ్‌తో చేసిన ప్రయోగాలు తెలిపాయి. అణువు పెద్దదయ్యేకొద్దీ, ఒక నాళం నుంచి మరో నాళానికి నీరు దాటే సన్నని పొరల దగ్గర అది ఇరుక్కుపోతుంది. మరో చిక్కు ఇంకా లోతైనది. కెల్మన్ చూసిన ఎర్రని రకం జిగురు ఒక్కదాన్నే పోగొట్టుకోలేదు. తెగులుకు తోడ్పడే అనేక జన్యువులను నడిపే పీహెచ్‌సీఏ అనే జన్యువు చెడితే అలాంటి రకాలు పుడతాయని తరువాత తేలింది. కాబట్టి జిగురు లేకపోవడానికీ తెగులు రాకపోవడానికీ మధ్య సంబంధం కనిపించినా, ఒకటి రెండోదానికి కారణమని చెప్పడానికి వీల్లేకపోయింది.

ఆ లోటును 1991లో జార్జియా విశ్వవిద్యాలయంలో టిమొతీ డెన్నీ, బేక్ తీర్చారు. జిగురు తయారుచేసే జన్యువులను మాత్రమే చెడగొట్టిన బాక్టీరియా మొక్కను వాడ్చే శక్తిని చాలావరకు కోల్పోయింది. నా దృష్టిలో ఈ చరిత్రలో నిర్ణయాత్మకమైన ప్రయోగం ఇదే. అదే ఏడాది ఫ్రెంచి పరిశోధకులు ఈ జిగురులో ప్రధానమైన పాలీశాకరైడ్ నిర్మాణాన్ని విప్పారు. నత్రజని ఉన్న మూడు రకాల చక్కెరల వరుస అందులో పదేపదే వస్తుంది. జిగురు తయారీకి ఖర్చు ఎక్కువ కనుక, బాక్టీరియా సంఖ్య మిల్లీలీటరుకు సుమారు కోటి దాటాకే అది ఊపందుకుంటుంది. ఆ సంఖ్యను అంచనా వేసుకోవడానికి అది వాడే సంకేత రసాయనాన్ని 1997లో గుర్తించారు.

జిగురు స్రవించే ఈ పద్ధతి ఒక్క రాల్స్టోనియాదే కాదు. ఆపిల్, బేరి చెట్లను మాడ్చే ఎర్వినియా అమైలోవొరాన్ అనే జిగురును, మొక్కజొన్నను వాడ్చే పాంటోయియా స్టెవార్టాన్ అనే జిగురును స్రవిస్తాయి. క్యాబేజీ నల్ల కుళ్లు బాక్టీరియా జిగురైతే, జాంథాన్ పేరుతో సాస్‌లు చిక్కబరచడానికి వాడుకలో ఉంది.

2011లో విస్కాన్సిన్ పరిశోధకులు మరో కోణం చూపారు. తెగులును తట్టుకునే హవాయి 7996 అనే టమాటా రకం ఈ పాలీశాకరైడ్‌ను గుర్తుపట్టి తన రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. సులువుగా లొంగే రకానికి ఆ గుర్తింపు లేదు.

పొలంలో ఈ తెగులును గుర్తించే పరీక్ష సులువు. వాడిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, గ్లాసులోని శుభ్రమైన నీటిలో వేలాడదీస్తే కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లని పోగులు కిందికి జారతాయి. బాక్టీరియా మొక్కలోకి చేరిన తరువాత తెగులును నయం చేసే మందు లేదు. తట్టుకునే రకాలను నాటడం, వంగ వేరుమొక్క మీద టమాటాను అంటుకట్టడం, పంట మార్పిడి చేయడమే మార్గాలు.