మహేంద్రగిరి కాలిబాటలు

మహేంద్రగిరి కాలిబాటలంటే శ్రీకాకుళం జిల్లా పలాస, మందస, మెళియాపుట్టి ప్రాంతాల నుంచి తూర్పు కనుమల్లోని మహేంద్రగిరి వైపు, దాని చుట్టూ ఉన్న సవర గూడేల వైపు సాగే నడకదారులు. శిఖరం ఎత్తు 1501 మీటర్లు. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. కొండ పాదాలు మాత్రం ఆంధ్ర వైపు దిగి, ఉద్దానం జీడితోటల దాకా వస్తాయి. బారువ తీరం నుంచి గీత గీసి కొలిస్తే శిఖరం సుమారు 25 కిలోమీటర్లే. ఇంత ఎత్తయిన కొండ సముద్రానికి ఇంత దగ్గరగా ఉండటం వల్లే ఈ బాటలు పుట్టాయి. వాటి చరిత్రను కొండకూ తీరానికీ మధ్య జరిగిన రాకపోకల చరిత్రగా చదవాలి.

బాటల గమనం నీటి గమనాన్ని అనుసరించింది. మహేంద్రగిరిలో పుట్టిన గెడ్డలు కలిసి మహేంద్రతనయ అవుతాయి. ఈ పేరుతో రెండు ఏర్లున్నాయి. ఒకటి మందస, సోంపేట ప్రాంతాల మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండోది పర్లాకిమిడి మీదుగా పడమరకు తిరిగి వంశధారలో కలుస్తుంది. కొండ ఎక్కేవారు గెడ్డ ఒడ్డునే పట్టుకుని పోయి, లోయ ఇరుకయిన చోట దాన్ని విడిచి గట్టు మీదికి మళ్లుతారు. వానాకాలంలో గెడ్డ పొంగితే బాట మూతపడుతుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను కూల్చినప్పుడు, అదే వానకు మహేంద్రతనయ కూడా వరదెత్తింది.

ఈ కొండ పేరు సాహిత్యంలోనూ శాసనాల్లోనూ చాలా ముందునుంచే ఉంది. పురాణాలు దీన్ని పరశురాముడి తపోభూమి అన్నాయి. కాళిదాసు రఘువంశం ఆరో సర్గలో కళింగ రాజును మహేంద్ర పర్వతానికీ మహాసముద్రానికీ ఏలికగా పరిచయం చేశాడు. కొండనూ కడలినీ ఒకే రాజు చేతిలో పెట్టిన ఆ వర్ణన ఈ నేల తీరు తెలిసినవాడి మాటలా ఉంటుంది. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలోని దక్షిణాది జైత్రయాత్ర జాబితాలోనూ మహేంద్రగిరి మాట వస్తుంది. అది కొండ పేరా, పిష్టపురం రాజు పేరా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

తూర్పు గంగ రాజుల కాలంలో ఈ శిఖరం రాజ్యానికే గుర్తయింది. తొలి గంగ రాజుల తామ్రశాసనాలు, మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామి పాదాలకు మొక్కుతూ మొదలవుతాయి. వారి రాజధాని కళింగనగరాన్ని చరిత్రకారులు వంశధార ఒడ్డున ఉన్న నేటి ముఖలింగంగా గుర్తించారు. మైదానం నుంచి పాలించిన రాజులు తమ కులదైవాన్ని కొండ కొమ్మున నిలుపుకున్నారంటే, అంత ఎత్తుకు మనుషుల రాకపోకలు ఉన్నట్టే. ఇప్పటికీ శిఖర ప్రాంతంలో కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పిలిచే రాతి గుడులున్నాయి. భీముడి గుడి కొన్ని పెద్ద పెద్ద బండలతోనే పేర్చిన చిన్న కట్టడం. కుంతి గుడిలోని శివుణ్ణి గోకర్ణేశ్వరుడంటారు. పదకొండో శతాబ్దంలో రాజేంద్ర చోళుడు తన విజయానికి గుర్తుగా ఇక్కడ సంస్కృతంలోనూ తమిళంలోనూ శాసనం వేయించాడు. దాని పక్కనే పులి, జంట చేపల ముద్రలు చెక్కారు.

రాజులు పోయినా శివరాత్రి యాత్ర నిలిచింది. మహాశివరాత్రికి ఆంధ్ర నుంచీ ఒడిశా నుంచీ జనం కొండెక్కుతారు. కొందరు పర్లాకిమిడి వైపు నుంచి వాహనాల్లో వస్తే, మందస వైపు పల్లెల వాళ్లు అడవి దారిన నడిచి వెళ్తారు.

యాత్ర ఏడాదికొక్కసారి. ఈ బాటలు చెరిగిపోకుండా ఉండటానికి అసలు కారణం వారం వారం జరిగే సంత. సాబకోట, బుడారసింగి వంటి పంచాయతీల కొండ పల్లెల్లో సవరలు పోడు మీదా అడవి మీదా బతికారు. చింతపండు, పసుపు, అల్లం, పనస, కొండచీపుళ్లు, అడ్డాకులు కావిళ్లలోనూ తల మీదా దిగేవి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, పొగాకు పైకి వెళ్లేవి. టెక్కలి పక్కన నౌపడాలో ఉప్పు మడులున్నాయి. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలు, తరవాత గుణుపురం దాకా సాగి, ఈ సరుకు రవాణాలో కొంత భాగాన్ని పట్టాల మీదికి తెచ్చింది. పట్టాలు చేరని గూడేలకు మాత్రం కావిడే మిగిలింది. సంతలో తూకం షావుకారు చేతిలో ఉండేది. తెచ్చిన సరుకు పాత బాకీకి జమ అయ్యేది. ఈ అప్పుల బాధ తరవాతి చరిత్రను నడిపింది.

ఇదే కొండల్లో భాష కోసం నడిచినవాడు గిడుగు వెంకట రామమూర్తి. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకున్నాడు. మన్యం జ్వరం పట్టుకుంటే వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆ పట్టుదల ఈ కొండదారుల్లోనే గట్టిపడిందని ఈ వ్యాసకర్త నమ్మకం.

బాట మీద హక్కు ఎవరిదన్న తగువు మందస జమీందారీలో రక్తపాతానికి దారితీసింది. అడవి జమీందారుది అన్నారు. కట్టెలు, కలప తెచ్చుకోవడం తరాల నాటి అలవాటని రైతులన్నారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ ఊపుతో రైతులు బళ్లు కట్టుకుని అడవిలోకి వెళ్లి కలప తెచ్చారు. పోలీసులు ఊరి మీదికి వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జరిగిన కాల్పుల్లో, నిండు గర్భిణి సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. ఆమెతోపాటు మరికొందరు రైతులూ మరణించారు. అడవి బాటల చరిత్ర రాసేవాళ్లు ఆమె పేరు రాయకుండా ముందుకు పోకూడదు.

అంతకు సరిగ్గా నాలుగేళ్ల ముందు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. శిఖరం అటు, మందస ఇటు అయ్యాయి. గూడేల మధ్య పెళ్లిళ్లు, సంతలు, పండగలు మాత్రం సరిహద్దును పట్టించుకోలేదు.

1960ల చివర శ్రీకాకుళ సాయుధ పోరాటం ఈ దారులను దళాల దారులుగా మార్చింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే గిరిజనులను కాల్చి చంపడంతో రగిలిన నిప్పు ఉద్దానానికి పాకింది. బొడ్డపాడు వంటి ఊళ్ల యువకులు తోటల్లోంచి కొండల్లోకి నడిచారు. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి, జముకుల కథను ప్రజల కళగా మలచిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో రంగమటియా కొండల్లో పోలీసుల చేతిలో మరణించాడు. అదే పోరాటంలో ఉన్న పంచాది నిర్మల ప్రాణాలు పోయిందీ అక్కడే. ఆ తరవాత చాలా ఏళ్లు, కొత్త మనిషి కొండ దారి పడితే అటు పోలీసులూ ఇటు పల్లెలూ అనుమానంగానే చూసేవారు.

తరవాతి కాలంలో సీతంపేట సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పనులతో కొన్ని బాటలు మట్టిరోడ్లయ్యాయి, వాటిలో కొన్నిటికి తారు పడింది. రోడ్డు చేరని గూడేల్లో నొప్పులు పడే ఆడమనిషిని డోలీలో మోసుకొచ్చే దారి ఇప్పటికీ ఈ కాలిబాటే. నడక కోసం వచ్చే పట్నం యువత అందమైన మలుపుగా చూసే చోటు, డోలీ మోసేవాళ్లకు భుజం మార్చుకునే చోటు. ఈ రెండో నిజం మొదటిదానికంటే ముఖ్యమైనది.

విహారానికి కొండెక్కడం ఇక్కడ ఇటీవలి అలవాటు. వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి శివరాత్రి దాకా నడకకు అనువు. దిగువన జీడి, పనస తోటలు, పైకి వెళ్లేకొద్దీ సవరలు కల్లు తీసే జీలుగు చెట్లు, శిఖరం చుట్టూ గడ్డి మైదానాలు కనిపిస్తాయి. ఉద్దానం తోటల్లోకి ఎలుగుబంట్లు దిగి మనుషుల మీద పడిన ఘటనలు మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట మండలాల్లో జరుగుతూనే ఉన్నాయి. జీడిపళ్లు, పనసపళ్లు పండే వేసవిలో తెల్లవారుజామునా సందెవేళా తోటల్లో నడక మంచిది కాదు.

వెళ్లదలచినవారు గూడెం పెద్దలను అడిగి, అక్కడి మనిషిని కూలి ఇచ్చి తోడు తీసుకోండి. పోడు చేలలోంచి అడ్డంగా నడవకండి. గుడి రాళ్ల మీద పేర్లు చెక్కకండి, తెచ్చిన ప్లాస్టిక్ మీతోనే దించండి. డోలీ ఎదురైతే పక్కకు తప్పుకుని దారివ్వండి, చేతనైతే భుజం పట్టండి.