ఇస్‌హాక్ మదనీ దర్గా

విశాఖపట్నము పాత రేవు చెంతనున్న మూడు కొండలలో ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై మేరీమాత చర్చి, దర్గాకొండపై సయ్యద్ అలీ మదనీ అను సూఫీ సాధువు సమాధి కలవు. ఇస్‌హాక్ మదనీ యన్నదే ఆయనకు ప్రసిద్ధ నామము. ‘మదనీ’ అనగా మదీనా వాడు. బంగాళాఖాతపు గాలివానలు ఆయన ఆజ్ఞకు లోబడునని నావికుల విశ్వాసము. పూర్వము రేవునకు వచ్చిపోవు ప్రతి ఓడయు జెండాను మూడుమార్లు ఎత్తి దించి ఆయనకు వందనమిచ్చెడిదట. వట్టి పుక్కిటి పురాణమని తోసివేయుటకు వీలులేదు. బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథములు సైతము దీనిని పేర్కొన్నవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు కొరాపుట్, జయపురములు సైతము ఆ విశాఖపట్నము జిల్లాలోనివే. సరుకుతో ఓడ క్షేమముగా తిరిగివచ్చినచో యజమానులు వెండితో చిన్న పడవ చేయించి సమాధి వద్ద మొక్కు చెల్లించెడివారు. ఆ యజమానులు హిందువులు.