కీళ్ళవాతం, సెలవు చీటీ, 1948వ సంవత్సరం



నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పాఠశాలలో లెక్కల మాస్టారు ఒకరుండేవారు. ఉదయం మొదటి పీరియడులో ఆయన సుద్దముక్క పట్టుకోలేకపోయేవారు. పదకొండు గంటలకు అదే చెయ్యి నల్లబల్లపై చక్కని వృత్తాలు గీసేది. "పొద్దున ఉన్న నొప్పి ఇంతలోనే ఎక్కడికి పోయిందో!" అని తోటివారు నవ్వుకొనేవారు. నేనూ నవ్వినవాడినే. అది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనీ, ఉదయపు బిగుతు దాని ముఖ్య లక్షణమనీ నాకు తెలిసేసరికి, ఉన్న సెలవులన్నీ కరిగిపోయి, 1990లో ఆయన గడువుకు ముందే పదవీ విరమణ చేశారు. ఆనాటి నవ్వు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కీళ్ళను పట్టే వాతాన్ని మన పూర్వులెరుగుదురు. మాధవనిదానంలో ఆమవాతానికి ఒక అధ్యాయమే కలదు. ఆంగ్లేయ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ 1859లో ఈ వ్యాధికి నేటి పేరు పెట్టాడు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ళపై దాడి చేయడం దీని స్వభావం. ఒకనాడు ఉద్ధృతం, మరొకనాడు శాంతం. ఈ రాకపోకలే ఉద్యోగికి శాపం.

ఎందుకంటే చట్టానికి రాకపోకలు అర్థం కావు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ప్రధానంగా అడిగిన ప్రశ్న "పనిలో దెబ్బ తగిలిందా?" అన్నదే. కొన్ని వృత్తి వ్యాధులను జాబితాలో చేర్చింది గాని, అందులో ఈ వాతం లేదు. ఎవరి యంత్రమూ విరవని వేళ్ళు వాటంతటవే వంకరపోతే పరిహారమేది?

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, 1948 ఏప్రిల్‌లో, ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. దానికి పునాది 1944లో ఆచార్య బి.పి. అడార్కర్ సమర్పించిన నివేదిక. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ఈ పథకాన్ని ప్రారంభించారు. జబ్బుపడి పనికి రాలేని కార్మికునికి సెలవు దినాలలో కొంత వేతనం హక్కుగా దక్కడం గొప్ప మార్పు. తరువాతి కాలంలో అది ఏడాదికి 91 రోజుల వరకు, వేతనంలో 70 శాతంగా స్థిరపడింది. ఆ చట్టం 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో విలీనమైంది.

విచిత్రమేమంటే, ఈ వ్యాధి చికిత్సకూ 1948 మలుపే. ఆ సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి తొలిసారిగా కార్టిసోన్ ఇచ్చాడు. మంచం పట్టినామె కొద్ది రోజులలో లేచి నడిచింది. 1950లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. దుష్ఫలితాలు తరువాత బయటపడ్డాయి. 1948 ఆగస్టులో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నాయకత్వాన రూపొందిన మెథోట్రెక్సేట్ మొదట కాన్సరు మందు. నలభై ఏళ్ళకు, 1988లో, తక్కువ మోతాదులో రుమటాయిడ్ వ్యాధికి అమెరికా ప్రభుత్వం దానిని ఆమోదించింది. నేటికీ ఈ వ్యాధికి మొదట ఇచ్చే ప్రధాన ఔషధం అదే. ఎందరినో అది తిరిగి పనిలో నిలబెట్టింది.

మందు ఎంత ముందుకు నడిచినా చట్టం రోజులనే లెక్కించింది. ప్రభుత్వోపాధ్యాయునికి ఏడాదికి 20 అర్ధవేతన సెలవులుండేవి. మా మాస్టారికి కావలసినవి రోజులు కావు, ఉదయం రెండు గంటలు. మొదటి పీరియడు మరొకరికిచ్చి ఉంటే చాలేది!

1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షన్, ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారిని తొలగించరాదనీ, అదే జీతంతో వేరొక పనికి మార్చాలనీ శాసించింది. వైకల్య పింఛను ఇచ్చినంత మాత్రాన ఆ రక్షణ పోదని 2003లో కునాల్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 నాటి చట్టం మరో అడుగు వేసి, ప్రభుత్వ సంస్థలు వికలాంగ ఉద్యోగులకు తగిన సర్దుబాట్లు చేయాలన్నది. అందులోని 21 వైకల్యాల పట్టికలో ఈ వ్యాధి పేరు విడిగా లేదు. కీళ్ళు వంకరపోయి కదలిక తగ్గినప్పుడు అది చలన వైకల్యం కిందికి వస్తుంది. పలు ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. అంటే, చెయ్యి పాడయ్యాక చట్టం చెయ్యి పట్టుకుంటుంది.

పాడవక ముందు పట్టుకోవలసింది మనం. మీ కార్యాలయంలో పొద్దున కలం పట్టలేనివారు, మధ్యాహ్నం చకచకా వ్రాసేవారు ఎవరైనా ఉంటే, దయచేసి నవ్వకండి. వేళ మార్చి చూడండి.