‘పూజ్యము’నకు ప్రత్యుత్తరము

పరుషమైన విమర్శకు గురియైన కవి తరచుగా చేపట్టు ఆయుధము పరిహాసము. ఆంగ్లకవి బైరను తొలి కవితలను ఎడింబరో నగరపు విమర్శ పత్రిక యొకటి 1808లో తూలనాడెను. మరుసటి యేడే అతడు ఆ విమర్శకులను ఎగతాళి చేయుచు ఒక దీర్ఘమైన వ్యంగ్యకావ్యము ప్రకటించెను. మన అవధాన కవులును పత్రికలలో ఇట్టి వాదములు చాలనే సలిపిరి. కాని మన తెలంగాణమున అట్టి ఆక్షేపణకు 1934లో లభించిన సమాధానము వేరొక తీరుది.

నిజాం రాష్ట్రమున ఆంధ్రకవులు ‘పూజ్యము’ అని ముడుంబ వేంకట రాఘవాచార్యులు ఆక్షేపించిరి. ఈ మాటకు తెలుగున రెండర్థములు కలవు. పూజింపదగినది అనునది ఒకటి, సున్న అనునది మరొకటి. వారి యుద్దేశము రెండవదే.

ఆ మాట అంతగా నొప్పించుటకు కారణము లేకపోలేదు. నాడు రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఒక వక్త తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. పొరుగు భాషలవారి చిన్నచూపును సహించుచున్న జనులకు, తెలుగువాడే ‘మీలో కవులు లేరు’ అనుట పుండుపై కారము వంటిది.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1926 మే 10వ తేదీన ఆరంభమైన గోలకొండ పత్రికకు సంపాదకులు. వారి కలము పదునైనది. తలచినచో ఒక ఘాటైన సంపాదకీయముతో ఆక్షేపకుని నోరు మూయింపగలరు. వారట్లు చేయలేదు. నిజాం రాష్ట్రములోని కవుల పద్యములను, జీవిత విశేషములను సేకరింపబూనిరి. పూర్వకవులను, నాటి కవులను ఒక్కచోట చేర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించిరి. అందు చోటు దొరకినవారు 354 మంది.

సున్నకు బదులు 354! ఇంతకు మించిన వ్యంగ్యము వేరొకటి కలదా? పరిహాసవాక్యము ఒక్కటియు వ్రాయనక్కరలేకయే, పేర్ల వరుసయే పరిహాసమైనది.

ఓరుగల్లు సీమవారము మనము పాల్కురికి సోమనాథుని, బమ్మెర పోతనను చూపి తృప్తిపడియుండవచ్చును. కాని ‘అది నాటి మాట, నేడెవరున్నారు?’ అని ఆక్షేపకుడు మరల అడుగును. ప్రతాపరెడ్డిగారు ఈ ప్రశ్నకు ఎడమీయక, పూర్వుల సరసన సజీవులను నిలిపిరి. ఇట్టి కృషికి నేల సిద్ధమైయే యుండెను. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోనే వెలసినది. సంచిక వచ్చిన 1934లోనే, నాడు వరంగల్లు జిల్లాలో చేరియున్న ఖమ్మమున మూడవ ఆంధ్రమహాసభ జరిగినది.

ఆ సంచికలోని ప్రతి పద్యమును ఉత్తమ కవిత్వమనుట సత్యము కాదు. అది ఏరి కూర్చిన ముత్యాలసరము కాదు, జనగణన వంటిది. ఆక్షేపకునకును న్యాయము చేయవలయును. ముద్రణాలయములు అరుదైన దేశమున ఆయనకు కనబడిన గ్రంథములు కొలదియే. అచ్చులో కానరానిది అసలే లేదని తలచుట మాత్రము పొరపాటు. పద్యములు తాటాకులలో, చేతివ్రాత పుస్తకములలో, పెద్దల నాలుకలపై బ్రతికియుండెను. వెదకువాడు లేకుండెను, అంతియే.

చెదరియున్న చిన్న ఆధారములను ప్రోగుచేయు ఈ యోర్పే, తరువాత 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రూపమున ఫలించినది. ప్రతాపరెడ్డిగారు 1953లో కీర్తిశేషులైరి. 1955లో తెలుగునకు దక్కిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే లభించినది.

శ్రోతలారా! మీ యింటి అటకపై తాతగారి పద్యముల పుస్తకమేదైన ఉండవచ్చును. చెదలు పట్టకముందే దింపి, దుమ్ము దులిపి, అందలి కవి పేరును, ఊరిని ఒక కాగితముపై వ్రాసి యుంచుడు. గోలకొండ కవుల సంచికకు ముడిసరుకు అట్టి పుస్తకములే.